ఎద్దులు, ఎడ్లు: మా మనుమరాలి మాటల లెక్క



ఈసారి పోస్టు వడ్ల రేటు గురించి గాదు, యూరియా గురించి గూడ గాదు. చిన్నపిల్లలకు మాటలు ఎట్ల వస్తయి, మాటకు మాట జోడించి వాక్యం ఎట్ల కడతరు అన్నదాని మీద రాస్తున్న. "నీకెందుకయ్యా ఈ ముచ్చట" అని మీరనొచ్చు. మా ఇంట్ల దీని మీదనే ఒక పంచాయితీ నడుస్తుంది, అది ముందటికి చెప్త. కొంచెం పొడుగు పోస్టు. కల్లంకాడ కాపలా కూసున్నప్పుడు తీరిగ్గ చదువుకోండ్రి.

నాకు జేబుల చిన్న నోటుబుక్కు పెట్టుకునే అలవాటు. ఏ మడికి ఎప్పుడు మందు కొట్టినం, కూలోళ్లు ఎందరొచ్చిండ్రు, ట్రాక్టరుకు ఎంతిచ్చినం, అన్నీ రాస్త. మా మనుమరాలికి ఏడాదిన్నర దాటినప్పటి నుంచి అదే బుక్కు వెనుక పేజీలల్ల ఆ పిల్ల మాటలు గూడ రాసుడు మొదలుపెట్టిన. తారీకు ఏసి, ఏమన్నదో అచ్చం అట్లనే. ఇప్పుడు ఆమెకు 3 ఏండ్ల 4 నెలలు. బుక్కులు మూడైనయి. మా చిన్న బిడ్డ బీఎడ్ చదివింది, ఆమె దగ్గర పుస్తకాలు ఉన్నయి. నేను రాసింది ఆమెకు చూపిస్త, ఆమె చదివి సంగతి ఏందో చెప్తది. అట్ల ఇద్దరం కలిసి పట్టుకున్న లెక్క ఇది.

మొదలు ఒక్కొక్క మాటనే. "బువ్వ" అంటే అన్నం, ఆకలి, గిన్నె, వాళ్ల నాయనమ్మ కూడా. ఏడాది 8 నెలలకు రెండు మాటలు కలిపింది. బుక్కుల మొదటిది "తాత బండి". ఇది ఒక్కటే మాట మూడు తీర్ల వాడింది. నేను బండి మీద పోతుంటే "తాత బండి". బండి ఒక్కటే నిలబడి ఉంటే, అది తాతది అని చెప్పటానికి "తాత బండి". తనను ఎక్కించమని చేతులు చాపి మళ్ల "తాత బండి". మాటలు రెండే, పని మాత్రం మూడు వాక్యాలది.

ఇంక తోకలు రావాలె. తోకలు అంటే "కు", "ని", "తోని", "మీద" అసుంటివి. మన భాషల అసలు బలం ఈ తోకలల్లనే ఉంది. "కుక్క పిల్లిని తరిమింది" అన్నా, "పిల్లిని కుక్క తరిమింది" అన్నా మనకు తేడా లేదు, ఎవరు ఉరికిండ్రో తెలుసు. ఇంగ్లిష్‌ల మాటలు అటూ ఇటూ మార్చినవంటే పిల్లి కుక్కను తరిమినట్టు అయితది. అందుకని ఇంగ్లిష్ పిల్లలు మాటల వరుస మీద చెవి పెట్టాలె, మన పిల్లలు మాట చివర మీద పెట్టాలె. టర్కీ భాష గూడ మన లెక్కనే తోకలు తగిలించే భాష. అక్కడి పిల్లలు రెండేండ్లు నిండేసరికే ఈ తోకలు చాలామట్టుకు తప్పు లేకుండ వాడుతరని చదువుకున్నోళ్లు చూసి రాసిండ్రు. మా పిల్ల గూడ రెండేండ్లు నిండకముందే "తాతకు చాయ్", "అమ్మతోని పోత" అన్నది. ఎవరు నేర్పిండ్రు? ఎవరూ నేర్పలే. "కు అనాలె బిడ్డా" అని ఏ ఇంట్ల గూడ ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఎడ్ల కాడికి వస్త. ఇదే నాకు అన్నిటికంటె బాగ అనిపించింది.

మా వాడకట్టుల ఇప్పుడు ఎడ్లున్నది ఒక్క ఇంటికే. పొద్దుగాల అవి మా గేటు ముందర నుంచి పోతయి. పిల్లకు రెండేండ్లు నిండకముందు "ఎడ్లు" అని శుద్ధంగ అనేది. మేం ముద్దు చేసినం. ఒక్క ఎద్దు కనిపించినా "ఎడ్లు" అనేదనుకోండి, అది వేరే సంగతి. రెండేండ్ల 5 నెలలు వచ్చేసరికి మాట మారింది. "తాతా, ఎద్దులు పోతున్నయ్." ఆ నెలలోనే "ఇల్లులు", "పండులు", "కాలులు కడుక్కున్న". మా కోడలు బుగులు పడ్డది. ఇన్నాళ్లు మంచిగ అన్న పిల్ల ఇప్పుడు తప్పులు అంటుంది, ఎనకకు పోతుందేమో అని.

నాటేసిన మడి గుర్తు తెచ్చుకోండ్రి. వారం పది రోజులు చూడబుద్ధి కాదు. ఆకు ఎర్రబడి వాలిపోతది. కొత్తగ ఎవుసం చేసేటోడైతే పోయిందనుకుంటడు. మనకు తెలుసు, లోపల కొత్త ఏరు పట్టుకుంటుంది. ఇదీ అట్లనే. ముందు "ఎడ్లు" అన్నప్పుడు ఆమెకు అది ఒట్టి చప్పుడు, చిలక పలుకు. "ఎద్దులు" అన్నప్పుడు ఒక సూత్రం దొరికింది: ఒకటి కంటె ఎక్కువుంటే చివర "లు" పెట్టాలె. కుక్కలు, బర్రెలు, కోళ్లు విని విని తనకు తానే తీసుకున్న సూత్రం. చేతికి కొత్త కొడవలి వచ్చినోడు కనిపించిన గడ్డల్లా కోసినట్టు, దాన్ని అన్నిటికీ పెట్టింది. ఇంట్ల "ఇల్లులు" అన్నోళ్లు ఎవరూ లేరు. విని అన్నది గాదు, కట్టి అన్నది. ఇంగ్లిష్ పిల్లలు గూడ ముందు "ఫీట్" అని, తర్వాత "ఫుట్స్" అని, మళ్ల "ఫీట్"కు వస్తరట. మా పిల్ల మూడేండ్లకు "ఎడ్లు"కు వచ్చింది. "కాలులు" మాత్రం ఇంకా అప్పుడప్పుడు వస్తుంది, నాకైతే అది పోవద్దనే ఉంది.

అమెరికాల జీన్ బెర్కో అనే ఆమె 1958ల ఒక పని చేసింది. పిట్ట లెక్క ఉండే ఒక బొమ్మ గీసి, దానికి ఎక్కడా లేని పేరు పెట్టింది, "వగ్" అని. పిల్లలకు చూపించి, "ఇది ఒక వగ్. ఇప్పుడు ఇంకొకటి వచ్చింది. ఇవి రెండు..." అని ఆపేది. నాలుగైదేండ్ల పిల్లలు గూడ "వగ్స్" అన్నరు. ఆ మాట అంతకుముందు వాళ్లు ఎన్నడూ వినలేదు గదా, మరి ఎట్ల అన్నరు? సూత్రం లోపల ఉంది కాబట్టి. మా బిడ్డ ఇది చెప్పంగనే నేను కల్లంల దుమ్ముల పుల్లతోని మూడు కాళ్ల జంతువును గీసిన. "ఇది లిట్టు" అన్న. పక్కన ఇంకోటి గీసి, "ఇప్పుడు రెండున్నయి, ఇవి రెండు..." అన్న. పిల్ల ఆలోచన లేకుండ "లిట్లు" అన్నది. "లిట్టులు" అనలే. చెట్టు చెట్లు అయితది, మెట్టు మెట్లు అయితది, అందుకని లిట్టు లిట్లు. బడికి పోని పిల్ల ఇది. మీ ఇండ్లల్ల గూడ చేసి చూడండ్రి, పైసా ఖర్చు లేదు.

క్రియల్ల గూడ ఇదే కథ. "పో" అంటే "పోయిండు" గదా, అందుకని "రా" అంటే "రాయిండు" అన్నది. "తాత రాయిండు" అని వారం రోజులు వాకిట్ల నిలబడి ఊరంతా చెప్పింది. లెక్క ప్రకారం ఆమెదే కరెక్టు. "రా" నుంచి "వచ్చిండు" ఎట్ల పుడుతదో నేను చెప్పలేను, మీరు చెప్పగలరా?

ఇంకో చిత్రం చెప్త. మన మాటల "నాయిన వచ్చిండు", "అమ్మ వచ్చింది", "బర్రె వచ్చింది". అంటే ఆడమనిషి ఒక్కతే ఉంటే బర్రె లైన్ల నిలబడ్డది. అదే పదిమంది ఉంటే "ఆడోళ్లు వచ్చిండ్రు", "మొగోళ్లు వచ్చిండ్రు", "బర్రెలు వచ్చినయ్". అప్పుడు మొగోళ్ల లైన్లకు మారిండ్రు. నాట్ల ముఠా అక్కలు ఇది చదివితే నన్ను మడిల దొర్లిస్తరు, గానీ నేను పెట్టిన రూలు గాదు తల్లీ. ఇంత తిరకాసు ఉన్నదాన్ని పిల్ల మూడేండ్లకు సాపుగ చేసుకుంది. మధ్యల కొన్నాళ్లు ఎద్దును గూడ "వచ్చిండు" అన్నది, దానికి మీసం లేదని ఎవరో నవ్వితే ఏడ్చింది.

"కాదు" అనేదాన్ని గూడ రాసిపెట్టిన. ఇంగ్లిష్ పిల్లకు మొదట్ల "నో" అన్న ఒక్క మాటతోని అన్ని పనులు జరుగుతయి. లోయిస్ బ్లూమ్ అనే ఆమె 1970ల రాసింది: ఆ పిల్లలు "నో"ను ముందు ఏదన్న లేదని చెప్పటానికి, తర్వాత వద్దనటానికి, ఆఖరికి ఎదుటోళ్ల మాట నిజం కాదనటానికి వాడుతరని. మన దగ్గర మూడింటికీ మూడు మాటలు తయారుగ ఉన్నయి: లేదు, వద్దు, కాదు. మా బుక్కుల గూడ వరుస అదే. "పాలు లే" ముందు. తర్వాత "వద్దు", అది మొదలైనంక రెండు నెలలు ఇంట్ల ఇంకో మాట వినపడలే. "ఇది కుక్క గాదు, నక్క" అనేది బాగ ఆలస్యంగ వచ్చింది. లేదు అనటానికి కండ్లు చాలు. కాదు అనాలంటె ఎదుటోడు అన్నమాటను మనసుల పెట్టి తూచాలె గదా.

మరి తప్పు అన్నప్పుడు దిద్దాల్నా? రోజర్ బ్రౌన్ అనే పెద్ద సారు హార్వర్డ్‌ల ముగ్గురు పిల్లల మాటలు ఏండ్ల తరబడి రాయించి 1973ల పెద్ద పుస్తకం తెచ్చిండు. అంతకుముందే హ్యాన్లన్ అనే ఆమెతో కలిసి ఒక సంగతి చెప్పిండు: తల్లిదండ్రులు పిల్లల మాటల నిజమా అబద్ధమా చూస్తరు గానీ, వ్యాకరణం చూడరని. మా ఇంట్ల గూడ అంతే. "ఎద్దులు పోయినయ్" అంటే మేం వాకిట్లకు చూసి, నిజంగ పోతే, "అవును బిడ్డా, ఎడ్లు పోయినయ్" అంటం. పోకపోతే "లేదు, ఇంకా రాలే" అంటం. "ఎడ్లు అనాలె" అని ఆపి చెప్పం. మనకు తెల్వకుండనే సరైన మాట తిరిగి ఇచ్చినం, ఆమె ముచ్చట ఆగలే. ఇంతకంటె మంచి పద్ధతి నాకు కనపడలే. ఒకసారి పక్కింటి పెద్దమనిషి కూసోబెట్టి "ఎడ్లు అను, ఎడ్లు అను" అని పట్టుబడితే, పిల్ల ఎద్దుల మాటనే మానేసి మేక గురించి మొదలుపెట్టింది.

మా కోడలిది జగ్గయ్యపేట దిక్కు. కోదాడ దాటితే ఎంతసేపు, గంట గూడ పట్టదు, గానీ మాట మారుతది. ఆమె "వచ్చాడు, వెళ్ళాడు, ఇళ్ళు" అంటది. మేం "వచ్చిండు, పోయిండు, ఇండ్లు". పిల్లకు తికమక అయితదేమో అని మొదట్ల అందరం అనుకున్నం. రెండేండ్ల 8 నెలలప్పుడు ఒక సాయంత్రం వాళ్ల నాయిన మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తోలి తిరిగొచ్చిండు. పిల్ల నా దిక్కు తిరిగి "తాతా, నాయిన వచ్చిండు" అన్నది. లోపలికి ఉరికి "అమ్మా, నాన్న వచ్చాడు" అన్నది. నిమిషం గూడ తేడా లేదు. ఎవరి ముందర ఏ తోక పెట్టాల్నో ఎరుక. భద్రిరాజు కృష్ణమూర్తి గారని ఉస్మానియాల భాషాశాస్త్రం చెప్పిన పెద్దమనిషి 1962ల మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చిండ్రు, అది మొత్తం మన ఎవుసం మాటలే. ఒకే పనిముట్టుకు జిల్లా మారితే పేరు ఎట్ల మారుతదో అండ్ల ఉంటది. మనం పెద్దోళ్లం అసుంటి తేడాల మీద "మీ భాష, మా భాష" అని కొట్లాడుకుంటం. పిల్ల రెండూ జేబుల ఏసుకుంది.

మా పక్క తండ పిల్లలు గూడ అంతే. ఇంట్ల లంబాడీ, అది మన తెలుగుతో చుట్టరికం లేని భాష. బయట తెలుగు. అంగన్‌వాడీకి కొత్తగ వచ్చినప్పుడు నోరు తెరవరు, మూగపిల్లలేమో అనిపిస్తది. వాళ్ల భాషల ఎవరన్న ఒక్క మాట పలకరించిండ్రంటె గలగల మొదలుపెడతరు. ఏడాదికి తెలుగు గూడ మనకంటె బాగ మాట్లాడుతరు. మిర్యాలగూడల మిల్లుకాడ ఒక బిహారీ హమాలీ కొడుకును చూసిన, ఆరేండ్లుంటయి. కిరాణంకాడ వాళ్ల నాయినకు వాడే దుబాసి. దుకాణపాయనతో తెలుగు, తండ్రితో వాళ్ల భాష, చిల్లర మాత్రం వాని జేబుకే.

ఇగ మా ఇంటి పంచాయితీ. జూన్‌ల పిల్లను కోదాడల నర్సరీల ఏద్దామని మావోడు ఒక ప్రైవేటు బడికి పోయి అడిగొచ్చిండు. పేరు చెప్ప, ఆ బడి మీద నాకు పగ లేదు. అక్కడి మేడం అన్నదట: "ఇవ్వాల్టి నుంచే ఇంట్ల గూడ ఇంగ్లిష్‌లనే మాట్లాడండి, తెలుగు మాట్లాడితే వెనుకబడుతది" అని. అప్పటి నుంచి మావోడు మొదలుపెట్టిండు. "కమ్." "సిట్." "ఈట్." "డోంట్ టచ్."

నేను బుక్కుల రెండు రోజులు ఎదురెదురు రాసిన. అంతకుముందు వారం వాడు బిడ్డతోని అన్నది: "నిన్న మనం కాల్వకాడ చూసినం గదా కొంగ, అది ఇయ్యాల మళ్లొచ్చిందంట, ఎందుకొచ్చిందో చెప్పు." ఇంగ్లిష్ మొదలుపెట్టినంక అదే కాల్వకాడ, అదే కొంగను చూపించి: "లుక్, బర్డ్." రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండ్రి. మొదటిదాంట్ల నిన్న ఉంది, ఇయ్యాల ఉంది, చూసింది ఏదో చెప్పుడు ఉంది, ఎందుకు అన్న ప్రశ్న ఉంది. "మనం" ఉంది. ఇంగ్లిష్‌ల "వీ" ఒక్కటే, మనకు "మేము" వేరు, "మనం" వేరు, ఎదుటోన్ని కలుపుకున్నమా లేదా అన్నది ఆ ఒక్క మాటల తేలుతది. "వచ్చిందంట"ల చివరి "అంట" ఉంది, అంటే నేను చూడలే, ఎవరో చెప్పిండ్రు అని. ఇన్ని గింజలు ఒక్క కంకికి. రెండోదాంట్ల రెండే మాటలు, అదీ పిల్ల ఏడాది 8 నెలలకే దాటొచ్చిన మెట్టు.

మావోని బాధ గూడ చెప్పాలె, లేకపోతే న్యాయం గాదు. "నీకు తెల్వదు నాయినా. తెలుగు మీడియంల చదివి హైదరాబాద్‌ల ఇంటర్వ్యూలకు పోయి, సమాధానం తెలిసి గూడ నోరు తెరవలేక తిరిగొచ్చిన. నా బిడ్డకు ఆ గతి వద్దు" అన్నడు. అన్నప్పుడు వాని కండ్లల్ల నీళ్లు. దానికి నేను ఏమనాలె? ఇంగ్లిష్ కావాలె, నేను గూడ ఒప్పుకుంట. సర్కారు బళ్లల్ల గూడ 2022 నుంచి ఇంగ్లిష్ మీడియం తెచ్చిండ్రు. బడికి పంపు, మంచిగ నేర్పే టీచరు దగ్గర నేర్వనీ. రెండు తీర్ల తెలుగును పక్కపక్కన పెట్టుకున్న పిల్ల, దానికి ఇంగ్లిష్ బరువు గాదు. నేను అనేది ఒక్కటే. నీ దగ్గర నిండుగ ఉన్న భాషను బందు పెట్టి, నీ దగ్గర గుప్పెడే ఉన్నదాన్ని పిల్లకు పెడితే, ఆమె సూత్రాలు దేంట్ల నుంచి తీసుకోవాలె? పిల్ల వాక్యాలు కడుతుంది ఇప్పుడే, ఈ రెండు మూడేండ్లల్లనే. ఇటుకలు ఇయ్యాల్సిన టైముల ఇటుకలు ఆపొద్దు.

ఫోన్ సంగతి గూడ ఇండ్లకే వస్తది. నాట్లప్పుడు ఆడోళ్లందరం పొలంకాడ, పిల్ల ముసలోళ్ల దగ్గర, ముసలోళ్లు పిల్లకు ఫోన్ ఇస్తరు, అండ్ల ఇంగ్లిష్ పాటలు. "అట్లనన్న ఇంగ్లిష్ వస్తది" అని మా కోడలి ఆశ. 2003ల అమెరికాల పెట్రీషియా కూల్ అనే ఆమె 9 నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. కొందరికి ఎదురుంగ మనిషి కూసోని ఆడిస్తూ మాట్లాడింది, కొందరికి అదే మనిషిది వీడియో పెట్టింది. మనిషి ముందర కూసున్న పిల్లలకు ఆ భాష చప్పుళ్లల తేడా తెలిసింది, వీడియో చూసినోళ్లకు ఏం రాలే. అది చప్పుళ్ల గురించి చేసిన పరీక్ష, వాక్యాల గురించి గాదు. గానీ నాకు నమ్మబుద్ధి అయ్యింది. ఫోన్ల పాట మా పిల్లను "ఎందుకొచ్చిందో చెప్పు" అని అడగదు గదా.

ఒక్క మాట జాగ్రత్తగ వినండ్రి. మా ఊర్ల ఒక పిల్లగానికి రెండున్నరేండ్లు వచ్చినా నాలుగైదు మాటలే. "మొగపిల్లలకు లేటే, వాళ్ల నాయినకు గూడ మూడేండ్లకు వచ్చినయ్" అని అందరూ అన్నరు. ఆఖరికి సూర్యాపేట తీసుకపోయి చెవులు చూపిస్తే, చెవిల చీము ఉండి సరిగ వినపడుతలేదని తేలింది. మందులు వాడినంక మాటలు మొదలైనయ్. వినపడని పిల్ల సూత్రం ఎట్ల కట్టాలె? రెండేండ్లు నిండినా "అమ్మ రా", "పాలు కావాలె" అని రెండు మాటలు కలపకపోతే, ఆగకుండ చెవి పరీక్ష చేయించండ్రి. 2013ల మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల టీం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలె, అప్పుడు పిల్లను తీసుకపోయి చెప్పండ్రి. ఊకెనే లేటుగ వచ్చేటోళ్లు గూడ ఉంటరు, గానీ అది చెవి బాగున్నదని తేలినంక అనుకోవాలె.

మా పంచాయితీ ఇంకా తెగలే. రాత్రి బువ్వ తినేటప్పుడు మాత్రం తెలుగే అని మావోడు ఒప్పుకున్నడు. మీ ఇండ్లల్ల పిల్లలు కట్టిన "ఎద్దులు", "రాయిండు" అసుంటి మాటలు ఉంటే కింద రాయండ్రి, ఏ ఊరో గూడ రాయండ్రి, బుక్కుల ఎక్కిస్త.

నిన్న సాయంత్రం బుక్కుల రాసింది: "తాతా, వాన వస్తదంట, మన వడ్లు తడుస్తయంట, నాయిన అన్నడు." ఒక్క వాక్యంల "అంట" రెండుసార్లు, "మన" గూడ సరిగ్గ పడ్డది. మబ్బు అయితే పట్టింది. ఇగ ఉంట, పోయి పట్టాలు కప్పాలె.